మడుగు నీళ్లలో ఉడికిన కొర్రమట్ట

బసవపున్నయ్యా, మడుగులో పురుగుల మందు పోయించింది నువ్వు. చిరంజీవీ, డబ్బా మూత తిప్పి వంచింది నువ్వు. హైమమ్మా, అన్నీ తెలిసి నోరు మూసుకుని మొగుడికి చేప ముక్క వడ్డించింది నువ్వు. ఆ పొద్దు మీ ముగ్గురికీ అన్నం సహించింది చూడండి, అదీ అసలు నేరం. పోసింది చేపల కోసం, మనుషుల కోసం కాదు కదా అంటారు మీరు. వాగులో విషం వంచి, ఆ వాగు నీళ్లు ఎవరు తాగుతారో మాకేం తెలుసనే నోళ్లు మీవి. ఆ నోళ్లతో ఏం చెప్పుకుంటారో చెప్పుకోండి. జరిగింది ఇదీ.

జూలూరుపాడు దాటాక తారు రోడ్డు వదిలి అడవి వైపు మళ్లితే ముందు బసవపున్నయ్య మిర్చి చేలు తగులుతాయి. చేలు అయిపోయిన చోట వాగు. వాగు అవతల గూడెం. బసవపున్నయ్య తండ్రి కోస్తా నుంచి పెళ్లాన్నీ రెండు ఎడ్లనీ తోలుకుని వచ్చాడు. కొడుకు చేతికి పెత్తనం వచ్చేసరికి వాగు ఇవతలి భూమంతా వాళ్లదైపోయింది. కాగితాల మీద ఎవరి పేరైనా ఉండనీ, పంట ఆయనది, కల్లం ఆయనది, మాట ఆయనది. గూడెం వాళ్ల తాతలు జొన్న చల్లుకున్న చేలోనే ఇవాళ మనవలు కూలికి మిరపకాయ ఏరుతున్నారు.

జంపక్కది ఆ గూడెమే. కోయ మనిషి. మొగుడు జ్వరంతో పోయినప్పటి నుంచి బసవపున్నయ్య చేలో నాటు వేయడం, కలుపు తీయడం, కాయ ఏరడం, ఇదే బతుకు. ఆమెకు ఒక్కతే కూతురు, వనజ. అల్లుడు గణేష్ ఇల్లరికం వచ్చాడు. అతనూ అదే ఆసామి దగ్గర మందు కొట్టే పనిలో కుదిరాడు. డ్రమ్ములో ఏం కలుపుతున్నారో అడగడు, అడిగినా చెప్పరు. వీపున పంపు తగిలించుకోవడం, కొట్టడం, ఇంటికి రావడం. గూడెంలో సగం మగవాళ్ల పని అదే.

ఈ ఎండల్లోనే వనజ కనింది. మగపిల్లాడు. కానీ కాన్పు కష్టమై రక్తం ధారగా పోయింది. దవాఖానా నుంచి ఇంటికి వచ్చేసరికి వనజ తెల్లగా పాలిపోయి, వెదురు బద్దలా అయిపోయింది. పాలు పడలేదు. పిల్లాడు రొమ్ము పట్టి లాగి లాగి, ఏమీ రాక, గొంతు బొంగురుపోయేదాకా ఏడుస్తున్నాడు. మంచి తిండి పెట్టకపోతే తల్లీ దక్కదు, పిల్లాడూ దక్కడు అని నర్సు మొహం మీదే చెప్పింది. మంచి తిండి అంటే ఏంటని జంపక్క అడగలేదు. ఆమెకు తెలిసిన మంచి తిండి ఒకటే. కొర్రమట్ట చేప. నూనె చుక్క వేయకుండా, కారం తగలకుండా, నీళ్లలో మెల్లగా ఉడికించి పెట్టాలి. జంపక్క కన్నప్పుడు ఆమె తల్లి పెట్టిందీ అదే, ఆ తల్లికి ఆమె తల్లి పెట్టిందీ అదే.

ఆ వంటకు వాళ్లింట్లో రెండు కట్టుబాట్లున్నాయి. ఏ మడుగు చేపను ఆ మడుగు నీళ్లలోనే ఉడికించాలి. బోరింగు నీళ్లు పోస్తే చేప అలుగుతుందని, పాలు పడవని పెద్దల మాట. రెండోది, బాలింత కోసం దించిన కుండను బాలింత కంటే ముందు ఎవరూ రుచి చూడకూడదు. ఉప్పు సరిపోయిందా లేదా అని వేలు ముంచి నాలుకకు రాసుకోవడం కూడా తప్పే.

ఎండాకాలం వాగు ఎండి మడుగులుగా మిగులుతుంది. అప్పుడు గూడెం అంతా కలిసి అడవి మంగకాయలు దంచి మడుగులో కలుపుతారు. చేపలు మత్తెక్కి తేలతాయి. చేతులతో ఏరుకుని సమానంగా పంచుకుంటారు. తరతరాలుగా తిన్నారు, ఒక్కరికి కడుపు నొప్పి కూడా రాలేదు. తేలిన చేపలను ముందుగా చూసినవాళ్లు, ఊళ్లో బాలింత ఉంటే ఆమె వంతు మొదట తీయాలి. ఆ తర్వాతే మిగతావాళ్లకు కేక వేయాలి. అదీ అక్కడి న్యాయం. బసవపున్నయ్య న్యాయం వేరు. గూడెం పక్కనున్న దుప్పి మడుగులో ఆయన మోటారు ఉంది. చేపలకని జనం దిగి పైపు తొక్కుతున్నారని ఆయనకు మంట. పొలం చూసే చిరంజీవిని పిలిచి, చేపలుంటే కదా వీళ్లు దిగేది, చేపల్లేకుండా చెయ్యి అన్నాడు. పంట అయిపోయాక మిగిలిన మందులున్నాయి కదా, అవి వంచెయ్యమన్నాడు. గొడ్లు తాగుతాయేమో అని చిరంజీవి నసిగాడు. ఆ గొడ్లు మనవి కావు అన్నాడు బసవపున్నయ్య. మనుషుల ఊసు ఇద్దరి నోటా రాలేదు.

తెల్లవారకముందే చిరంజీవి ఆ పని చేసి వచ్చేశాడు. జంపక్కకు ఇదేమీ తెలియదు. మధ్యాహ్నం ఎండ కాస్త వాలాక బిందె తీసుకుని మడుగు దగ్గరికి వెళ్లింది. చేపలు పడతాయన్న ఆశ పెద్దగా లేదు. చూస్తే మడుగు నిండా తెల్లటి పొట్టలే. పరకలు, జెల్లలు, బొమ్మిడాయిలు, అన్నీ వెల్లకిలా తేలుతున్నాయి. ఎగువ గూడెం కుర్రాళ్లు మంగకాయ కలిపి, ఏరుకోవడానికి ఇంకా రాలేదనుకుంది. దంచిన కాయల పిప్పి గట్టు మీద కనపడుతుందేమోనని వెతికింది. కనపడలేదు. ఒక రాయి పక్కన ఎండ్రకాయ కాళ్లు పైకి పెట్టి పడి ఉంది. మంగకాయకు ఎండ్రకాయ చావదు. జంపక్క దాని ముందు ఒక్క క్షణం ఆగింది. ఏదో అడగబోయిన మనిషిలా ఆగింది. ఇంతలో ఒడ్డు వారన బురదలో మోచేతి పొడవు కొర్రమట్ట ఒకటి మొప్పలు తెరిచి మూస్తూ కనపడింది. దాని పక్కనే ఇంకొకటి. ఎండ్రకాయ సంగతి అక్కడితో మరిచిపోయింది. కళ్ల ముందు వనజ మొహం, పిల్లాడి గొంతు, అంతే.

వాసన రాలేదా అని అడుగుతారు. వచ్చింది. ఎప్పుడు రాలేదు గనుక? ఆమె చీరకు అదే వాసన, జుట్టుకు అదే వాసన, గణేష్ తువ్వాలుకు అదే వాసన, కప్పుకునే దుప్పటికీ అదే. ఏళ్ల తరబడి మిర్చి చేలో వంగి వంగి ఆమె ముక్కు చచ్చిపోయింది. ఆ వాసన తన ఒంటిదే అనుకుంది. ముక్కునూ మీరే చంపారు, తర్వాత వాసన చూడలేదేమని మీరే అడుగుతారు.

రెండు కొర్రమట్టలు కొంగులో కట్టుకుని, బిందె నిండా మడుగు నీళ్లు ముంచుకుంది. దారిలో కనపడిన ఆడవాళ్లకు మడుగులో చేపలు తేలాయి, జల్దీ పొమ్మని కేక వేసింది. ఇంటికి వచ్చి చేపలను బూడిదతో రుద్దింది. జిగురు పోయేదాకా బండ మీద తోమింది. ముక్కలు పెద్దవిగా కోసింది. పొయ్యి మీద కుండలో మడుగు నీళ్లు పోసి, ఉప్పు, పసుపు, నలగ్గొట్టిన వెల్లుల్లి, నాలుగు మిరియాలు వేసింది. ఈ వంటలో కిటుకంతా మంటలోనే ఉంది. నీళ్లు కుతకుతలాడకూడదు. కుతకుతలాడితే ముక్క విరిగి, సారమంతా చెదిరిపోతుంది. నీళ్ల మీద చిన్న వణుకు పుట్టగానే కట్టెను వెనక్కి లాగి, నిప్పుల మీదే ఉంచి, ముక్కలను ఒక్కొక్కటిగా చేత్తో జారవిడిచింది. మూత పెట్టి, నిద్రపోయే పిల్లను చూసుకున్నట్టు ఆ కుండనే చూస్తూ కూర్చుంది. ముక్క తెల్లబడి, ముల్లు దగ్గర విచ్చుకుంది. నీళ్లు పాలలా మసకబారాయి. దించింది. రుచి చూడలేదు.

వనజ గోడకు ఆనుకుని కూర్చుంది. గిన్నెలోకి తొంగి చూసి మూతి ముడిచింది.

“కారం లేకుంటే ఎట్ల తింటనే అవ్వా. పొద్దంత మిర్చి చేన్లనే ఉంటవు, కొంగుల ఒక్క మిరపకాయ రాదా?”

“మిర్చి వాళ్లది. చేప మనది. తిను.”

వనజ నవ్వింది. కాన్పు అయ్యాక ఆ పిల్ల నవ్వడం అదే మొదలు. ముక్క తుంచి తింది. కొద్దిగా చేదుగా ఉందంది. చేదు ఉంటేనే పాలు పడతాయని తల్లి అంది. ఎందుకన్నదో ఆమెకే తెలియదు, తినిపించాలని అన్నది. పిల్ల మూడో ముక్క దగ్గర ఆగిపోతే తనే ముల్లు తీసి నోట్లో పెట్టింది. బలమంతా నీళ్లలోనే ఉంటుందని గిన్నె ఎత్తి చివరి గుక్కదాకా తాగించింది. బతిమాలి తాగించింది.

పాలు పడ్డాయి. అదే అన్నిటికంటే పాపిష్టి సంగతి. కాసేపటికి రొమ్ము బరువెక్కిందని వనజ అంటే పిల్లాణ్ని అందించింది. వాడు పట్టాడు, గుటక వేశాడు, ఇంకోటి వేశాడు. ఇన్నాళ్లకు ఏడుపు ఆపి చప్పుడు చేస్తూ తాగాడు. జంపక్క చేతులు జోడించి వాగు వైపు తిరిగి దండం పెట్టింది.

“పొద్దుగూకిందా అవ్వా? గింత చీకటయిందేంది?” అంది వనజ.

బయట ఎండ ఇంకా గడప మీదే ఉంది. జంపక్క దగ్గరికి వచ్చి చూస్తే పిల్ల ఒళ్లంతా చెమట. నోటి చివర నుంచి చొంగ కారుతోంది. కంటి పాపలు ఆవగింజల్లా చిన్నవైపోయాయి. భుజం మీద కండ దానంతట అది ఎగురుతోంది. వాంతి చేసుకుంటూ చాప మీద ఒరిగిపోయింది. పిల్లాడు చేతిలోంచి జారబోతే జంపక్క పట్టుకుంది.

గణేష్ అప్పుడే పని నుంచి వచ్చాడు. పెళ్లాం కళ్లు చూడగానే అతనికి అర్థమైపోయింది. పోయిన వానాకాలం దూలయ్య అనే కూలీ మందు కొడుతూ కొడుతూ గట్టు మీద పడిపోయాడు. అతని కళ్లూ ఇలాగే ఉన్నాయి. గణేష్ కుండ మూత తీసి చూసి, నీళ్లు ఎక్కడివని అడిగాడు. మడుగువని జంపక్క చెప్పింది. అందులో పురుగుల మందు కలిసిందన్నాడు. కుండను కాలితో తన్నాడు. ఈ మాట ఇల్లిల్లూ పాకింది. మడుగు నుంచి తెచ్చిన చేపలు అప్పటికి ఒక ఇంట్లో బండ మీద ఉన్నాయి, ఒక ఇంట్లో మూకుడులో ఉన్నాయి. అన్నీ గుంతలోకి పోయాయి. గూడెంలో మిగతావాళ్లు బతికారంటే, బాలింత ముందు తిన్నందుకే బతికారు.

ఆటో దొరికింది. వనజను పడుకోబెట్టి, పిల్లాణ్ని ఆటోలో తోడు కూర్చున్న పక్కింటామె ఒళ్లో పెట్టి గణేష్ ఎక్కాడు. ఎక్కుతూ అత్తను చెయ్యి పట్టి ఆపాడు.

“నువ్వు రాకు అత్తా. ఆసామి ఇంటికి పో. ఏ మందు పోసిన్రో అడుగు. దూలయ్యప్పుడు డాక్టరు అదే అడిగిండు, ఎవ్వరికీ తెల్వక పాయె. ఒక్కో మందుకు ఒక్కో సూది ఉంటదంట. పేరు దొరికితే బతుకుతది. హైమమ్మ ఫోన్‌కు చేస్త.”

జంపక్క వాగు దాటి, చేల గట్ల మీద పరుగెత్తింది. బసవపున్నయ్య ఇంటికి చేరేసరికి దీపాలు పెడుతున్నారు. ఆయనకు గుండె ఆపరేషన్ అయ్యింది. అందుకని పెందలాడే భోంచేస్తాడు, నూనె ముట్టడు. వరండాలో బల్ల వేసి ఉంది. ఆయన పెళ్లాం హైమ స్టీలు గిన్నె మూత తీసింది. చేప. ఖమ్మం నుంచి ఐసులో పెట్టి తెప్పించిన చేప. నీళ్లలో మెల్లగా ఉడికించి, నిమ్మకాయ పిండి పెట్టింది. వాగు చేపను ఆ ఇంట్లో ఎవరూ ముట్టరు. ముక్క తెల్లగా, మెత్తగా, అచ్చం జంపక్క దించిన ముక్కలాగే ఉంది. ఆమె గుమ్మం కింద నిలబడి, రొప్పుతూ, ఆ గిన్నె వైపే చూసింది.

తినే వేళకు గుమ్మంలో నిలబడతావేంటే అని ఆయన అడిగాడు.

“మడుగుల ఏం మందు పోసిన్రయ్యా? దాని పేరు చెప్పుండ్రి. నా బిడ్డ తిన్నది. డాక్టరు అడుగుతడంట.”

ఆయన చెయ్యి కంచంలో ఒక్క క్షణం ఆగింది. జంపక్క చూసింది. ఆ చెయ్యి మళ్లీ కదిలి, ముల్లు తీసి పక్కన పెట్టింది.

“మందేంటి? మేమెందుకు పోస్తాం? ఏటా మీరు కలిపే మంగకాయే అయ్యుంటుంది. తెలిసీ తెలియక అదేదో ఎక్కువ దంచి పోసుంటారు. అడవి మందు మీరు పోసుకుని, మా ఇంటికొచ్చి అడుగుతారా?”

జంపక్కకు మొదట అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. తాతలనాటి అలవాటును పట్టుకొచ్చి తన మెడకే చుడుతున్నాడు. మంగకాయకు ఎవరూ చావలేదయ్యా అని చెప్పింది. ఎండ్రకాయ చచ్చి ఉందని చెప్పింది. ఆయన వినడం లేదు. మజ్జిగ పొయ్యమని పెళ్లానికి సైగ చేశాడు. హైమ పోసింది. ఆమె తల ఎత్తలేదు.

పెరట్లో కుళాయి దగ్గర చిరంజీవి కాళ్లు కడుక్కుంటున్నాడు. జంపక్క అటు పరుగెత్తింది. మందులన్నీ పెట్టే రేకుల షెడ్డు అతని వెనకే ఉంది, తలుపు తెరిచే ఉంది. లోపల వరసగా డబ్బాలు. ఖాళీవి ఓ మూల కుప్పగా పడి ఉన్నాయి. వాటి మీద ఏదో రాసి ఉంది, జంపక్కకు చదవడం రాదు.

“చిరంజీవీ, నీ బిడ్డకు తట్టు పోసినప్పుడు ఎత్తుకున్న చేతులియి. ఎవ్వరికీ చెప్పను. పేరొక్కటి చెప్పు.”

చిరంజీవి పెదవులు కదిలాయి. వరండాలోంచి బసవపున్నయ్య, గొంతు పెంచకుండానే, షెడ్డుకు తాళం వేసి తాళంచెవి తనకిచ్చి ఇంటికెళ్లమన్నాడు. చిరంజీవి కాసేపు కాళ్లు కడిగిన నీళ్ల వైపు చూశాడు. తర్వాత వెళ్లి తలుపు మూశాడు. తాళం వేశాడు. తాళంచెవి బల్ల మీద, చేప గిన్నె పక్కన పెట్టి, జంపక్క మీద నుంచి చూపు తప్పించుకుని గేటు దాటి పోయాడు.

అప్పుడు బసవపున్నయ్య అన్న మాట ఈ ప్రాంతం మరిచిపోకూడదు.

“హైమా, మిగిలిన రెండు ముక్కలు ఆకులో పెట్టివ్వు. బాలింతంటగా, కారం లేదు, తింటుంది.”

హైమ ఆకు తేవడానికి లేచింది కూడా. ఇంతలో కిటికీలో ఉన్న ఆమె ఫోన్ మోగింది. ఎత్తింది, విన్నది. మొహంలో రంగు పోయింది. ఫోన్ తెచ్చి మెట్టు మీద పెట్టి, వెనక్కి జరిగింది. జంపక్క తీసుకుని చెవికి ఆనించుకుంది.

“వనజ పోయింది అత్తా,” అన్నాడు గణేష్. అవతల ఎవరో ఏదో అంటున్నారు. అతని గొంతు మళ్లీ వచ్చింది. “పిల్లగాడు తాగిండు గద. వాడు గూడ గట్లనే అయితుండు. ఊపిరి ఉన్నది. తోచిన సూది వేసిన్రు, పేరు తెలిస్తే సరైనది వేస్తరంట. ఏమన్న చెప్పిన్రా?”

జంపక్క ఏడవలేదు. ఫోన్ కట్ చేయలేదు. దాన్ని చేతిలో పట్టుకునే మెట్టు మీద కూర్చుంది. పోయిందంట అని హైమ మొగుడికి మెల్లగా చెప్పింది. పిల్లాడి సంగతి కూడా చెప్పింది. పేరు చెబితే ఏమవుతుందండీ అని గొణిగింది. పేరు చెబితే పోసినట్టు ఒప్పుకున్నట్టే కదా అని ఆయన కసిరాడు. చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, జంపక్క ముందుకు వచ్చి నిలబడ్డాడు.

“నీ మంచికే చెబుతున్నా విను. చేప తెచ్చింది నువ్వు. నీళ్లు తెచ్చింది నువ్వు. నీ చేత్తో నువ్వే వండి పెట్టావు. కేసంటూ పడితే ముందు నీ మీదే పడుద్ది. లేచి వెళ్లు.”

ఆ మాట తగలాల్సిన చోటే తగిలింది. జంపక్క తన చేతులు చూసుకుంది. గోళ్ల చివర పసుపు ఇంకా ఉంది. ఈ వేళ్లతోనే ముల్లు తీసింది. ఈ వేళ్లతోనే గిన్నె ఎత్తి పట్టింది. ఇంకొక్క గుక్క, ఇంకొక్క గుక్క అని తాగించింది. ఆయన చెప్పింది నిజం. సగం నిజం. మిగతా సగం రేకుల షెడ్డులో తాళం వెనక ఉంది. తాళంచెవి బల్ల మీద చేప ముళ్ల పక్కన ఉంది.

ఆమె లేవలేదు. గూడెం వాళ్లు చేలకు అడ్డంపడి వచ్చి గేటు బయట నిలబడుతున్నారు. ఒకరి వెనక ఒకరు వచ్చి చేరుతున్నారు. పోలీసులను పిలుస్తానని బసవపున్నయ్య లోపలికి పోబోయాడు. జంపక్క చెయ్యి చాపి ఆయన పంచె అంచు పట్టుకుంది. చిన్నగా కాదు, గుడ్డ చిరిగేంత గట్టిగా పట్టుకుంది.

“పిలువు. కేసు నా మీదనే రాయమను. నేనే చంపిన్నని వేలిముద్ర వేస్త. గంతకంటె ముందు ఆ పేరు చెప్పు. గా పిల్లగాడు ఇంక ఊపిరి తీస్తున్నడు.”

ఆయన పంచె లాక్కోబోయాడు. ఆమె వదల్లేదు.

ఇక మాటలు చాలు. ఎవరిని జైల్లో పెట్టాలి, ఆ మోటారు ఎప్పుడు పీకాలి, ఆ భూమి ఎవరికి చెందాలి, అవన్నీ అడుగుతాం, వదిలిపెట్టం. కానీ అవి రేపటి పనులు. ఇప్పుడు చేయాల్సింది ఒక్కటే. బసవపున్నయ్యా, బల్ల మీద తాళంచెవి తియ్యి. నువ్వు తీయకపోతే హైమమ్మా, నువ్వు తియ్యి, నీకు చదువొచ్చు. షెడ్డు తలుపు తెరువు. ఖాళీ డబ్బాలు వెలుతుర్లోకి తెచ్చి, వాటి మీద ఉన్న పేర్లు ఒక్కొక్కటీ గట్టిగా చదువు. ఫోన్ ఇంకా కట్ చేయలేదు. అవతల డాక్టరు వింటున్నాడు. చదువు.